కొండంచు మీద చుక్కలు

కార్తీకం వచ్చింది. అరకు లోయలో వలిసెలు పూశాయి. కాఫీ తోటల్లో పండ్లు ఎర్రబడుతున్నాయి. విశాఖపట్నం నుంచి వచ్చే రైల్లో సీటు దొరకడం కష్టంగా ఉంది. వచ్చినవాళ్లు పగలంతా గుహలూ జలపాతాలూ చూసి, రాత్రి చలిమంట చుట్టూ చేరతారు. ఆ మంట వదిలి ఓ వంద అడుగులు చీకట్లోకి నడిస్తే కనిపించేదాని గురించి ఇవాళ మాట్లాడతాను.

మైదానంలో ఆకాశం అంచు దుమ్ములోనో, దీపాల వెలుగులోనో కలిసిపోతుంది. ఇక్కడ చుట్టూ కొండలు. రాత్రిపూట వాటి అంచు నల్లగా, తెగ్గోసినట్టు కనిపిస్తుంది. సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉన్న లోయ కాబట్టి, వానలు వెనక్కి తగ్గాక గాలి కూడా తేటపడుతుంది. ఆ నల్లటి అంచుకు దగ్గరగా ఉన్న చుక్క ఒకటి ఎంచుకోండి. ఏ చెట్టు మొదలుకో వీపు ఆనించి, కదలకుండా నిలబడండి. తూర్పు వైపు చుక్క అయితే అయిదు నిమిషాల్లో అంచు వదిలి పైకి వచ్చేస్తుంది. పడమటి వైపుదైతే కొండ వెనక్కి పోతుంది.

ఇప్పుడు చూపు కాస్త మార్చండి. చుక్క నిలిచే ఉందనుకుని కొండ వైపు చూడండి. తూర్పు కొండ కిందికి దిగుతోంది. పడమటి కొండ పైకి లేస్తోంది. కళ్లు దీనికి అలవాటు పడడానికి కొంత టైము పడుతుంది. ఒకసారి పట్టుబడిందా, ఇక కాళ్ల కింద నేల మొత్తం తూర్పుకు దొర్లుతున్నట్టే ఉంటుంది, కొందరికి ఒళ్లు తూలుతుంది కూడా. జరుగుతున్నది నిజంగా అదే మరి. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది. అరకు ఉన్న చోట అది కొంచెం తక్కువ, గంటకు 1,585 కిలోమీటర్ల దాకా ఉంటుంది. గాలికొండా, అనంతగిరీ, చాపరాయి వాగూ, చలిమంట దగ్గర కూర్చున్నవాళ్లూ అందరూ ఆ వేగంతోనే పోతున్నారు.

భూమి తిరుగుతోందన్న ఈ మాట మన దేశంలో మొదట గట్టిగా చెప్పినవాడు ఆర్యభటుడు. క్రీస్తుశకం 499 ప్రాంతంలో రాసిన గ్రంథంలో, పడవలో పోయేవాడికి ఒడ్డు వెనక్కి నడుస్తున్నట్టు కనబడడాన్ని ఆయన ఉదాహరణగా తీసుకున్నాడు. తర్వాతి తరాల్లో వరాహమిహిరుడు ఒప్పుకోలేదు, బ్రహ్మగుప్తుడు ఒప్పుకోలేదు. భూమి తిరిగితే గూడు వదిలిన పక్షి తిరిగి గూటికెలా చేరుతుందన్నది ఆ కాలపు ఆక్షేపణల్లో ఒకటి. కానీ ఆర్యభటుడు ఇచ్చిన అంకెల నుంచి భూమి ఒక చుట్టు తిరిగే కాలం లెక్కగడితే 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు వస్తుంది. ఇవాళ మనం చెప్పుకునేదీ అదే. ఆ 24కి తక్కువైన నాలుగు నిమిషాలను గుర్తుపెట్టుకోండి, దానితో కాసేపట్లో పని పడుతుంది.

చుక్కలను చూడకుండా, గదిలోపలే భూభ్రమణాన్ని చూపించినవాడు ఫ్రాన్సు దేశపు ఫూకో. 1851లో పారిస్‌లో పొడవైన తీగకు బరువు కట్టి ఊపి, ఆ ఊగే దిశ గంటగంటకూ మెల్లగా పక్కకు తిరగడం జనానికి చూపించాడు. ఢిల్లీలో కొత్త పార్లమెంటు భవనంలో అలాంటి లోలకం ఉంది. అక్కడ అది పూర్తి చుట్టు తిరగడానికి సుమారు 50 గంటలు పడుతుంది. అరకులో కడితే 76 గంటలు, అంటే మూడు రోజులు దాటుతుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ దాని తిరుగుడు మందగిస్తుంది. మనకేమో చుక్కలు ఉచితంగా దొరుకుతున్నాయి.

అరకు 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఈ ఒక్క అంకె తెలిస్తే ఇక్కడి ఆకాశంలో చాలావాటికి చిరునామా దొరికినట్టే. చెయ్యి బార్లా చాచి పిడికిలి బిగిస్తే, దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. ఉత్తరాన నేలమట్టం నుంచి రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తులో ధ్రువుడు ఉంటాడు, 18 డిగ్రీల పైచిలుకు. ఎవరి ఊరి అక్షాంశమెంతో ధ్రువుడి ఎత్తూ దాదాపు అంతే. ఇల్లు ఉత్తరపు కొండ మొదట్లో ఉన్నవాళ్లకు ధ్రువుడు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కనిపించకపోవచ్చు. అరకిలోమీటరు దక్షిణంగా నడిచి చూడండి.

ఇక దక్షిణానికి తిరగండి. అక్కడ అగస్త్యుడున్నాడు. ఆకాశంలో సూర్యుణ్ణి తీసేస్తే అత్యంత ప్రకాశవంతమైన నక్షత్రాల్లో మొదటిది మృగవ్యాధుడు, రెండోది ఈయన. ఈ నెలలో అగస్త్యుడు చూపుకందాలంటే రాత్రి పదిన్నర దాటాలి. దక్షిణపు కొండ ఎత్తుగా ఉంటే పదకొండు, పన్నెండు. తొందర లేనివాళ్లు ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి తొమ్మిదికి చూడండి, ఎత్తైన స్థానంలో ఉంటాడు. ఆ ఎత్తు ఎంతో తెలుసా? 19 డిగ్రీలు. అంటే అరకు లోయ నడుమ నిలబడితే ఉత్తరాన ధ్రువుడు, దక్షిణాన అగస్త్యుడు, ఇద్దరూ ఒకే ఎత్తులో, ఎదురెదురుగా. ఢిల్లీ వాళ్లకు ఈ సమానత్వం లేదు. ధ్రువుడు ఇంకా పైకెక్కి ఉంటాడు, అగస్త్యుడు తొమ్మిది డిగ్రీలకు కుంగిపోతాడు. లండన్‌లో ఆయన జన్మకు కనిపించడు. చెన్నైలో లెక్క తిరగబడుతుంది, దక్షిణానిదే పైచేయి. రెండు చూపులకూ సరిసమానంగా దొరికే చోటు మన ఉత్తరాంధ్ర మన్యం. నాకు ఈ ప్రాంతపు ఆకాశంలో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇది. పర్యాటక శాఖ బోర్డుల మీద ఎక్కడా రాయలేదెందుకో.

నడినెత్తి మీదికి వచ్చేది స్వాతి. ఏప్రిల్ ఆఖరున అర్ధరాత్రి వేళ మంచె మీద వెల్లకిలా పడుకున్న కాపలావాడికి సరిగ్గా ముఖం మీద, ఒక డిగ్రీ తేడాలో, నారింజ రంగులో కనిపించే చుక్క అదే. మే నెలలో త్రిశంకుడు దక్షిణపు కొండల మీద తొమ్మిది, పదిహేను డిగ్రీల మధ్య నిలబడతాడు. అటు కొండ అడ్డుంటే మాత్రం దొరకడు.

చుక్క కొండంచు దాటే క్షణాన్ని గడియారంతో పట్టుకోవడమే పనిగా పెట్టుకుని, కొండకు బదులు దూరదర్శినిలో సన్నటి తీగ అమర్చితే అదే వేధశాల. ఆ పని మన జిల్లాల్లో ఎప్పుడో జరిగింది. 1840లో గోడె వెంకట జగ్గారావు విశాఖపట్నంలో సొంతంగా వేధశాల కట్టించారు. తర్వాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డంగా దాటినప్పుడు నరసింగరావు విశాఖపట్నం నుంచి పరిశీలించి, ఆ వివరాలు లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ మామా అల్లుళ్లకు ఒక పేజీ దక్కి ఉండాల్సింది.

గడియారం మాట వచ్చింది కాబట్టి మరొకటి. దేశమంతా ఒకే టైము చూసుకుంటోంది గదా, ఆ టైముకు ఆధారం 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం. 1906లో ఈ పద్ధతి వచ్చింది. ఆ రేఖ మన అల్లూరి సీతారామరాజు జిల్లా గుండానే పోతుంది. చలికి పేరు మోసిన లంబసింగి దానికి బాగా దగ్గర. అరకు ఆ రేఖకు డిగ్రీలో మూడో వంతు చిల్లర తూర్పున ఉంది, అంటే తేడా నిమిషంన్నర. ద్వారకలో సూర్యుడు చేతి గడియారం కంటే ముప్పావు గంటకు పైగా వెనకబడి ఉంటాడు, అస్సాం తూర్పు కొసన అంత ముందుంటాడు. మనకు మాత్రం గడియారమూ సూర్యుడూ ఒక్క మాట మీద ఉంటారు. సంవత్సరం సగటున ఉంటారనాలి నిజానికి. భూమి దారి సరైన వృత్తం కాకపోవడం, ఇరుసు ఒరిగి ఉండడం, ఈ రెండు కారణాల వల్ల నవంబరు మొదట్లో లంబసింగిలో మిట్టమధ్యాహ్నం 11:44కే వచ్చేస్తుంది. ఫిబ్రవరి నడుమ 12:14 దాకా రాదు.

ఇక ఆ నాలుగు నిమిషాల సంగతి.

భూమి తన చుట్టూ తాను తిరుగుతూనే సూర్యుడి చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల చొప్పున పరుగెడుతోంది. నేను మాట్లాడడం మొదలుపెట్టి పది నిమిషాలైందనుకుంటే, మనమందరం 18,000 కిలోమీటర్లు ప్రయాణం చేశాం. ఇలా దారిలో ముందుకు జరగడం వల్ల, చుక్కల లెక్కన ఒక చుట్టు పూర్తయ్యాక కూడా సూర్యుడు మళ్లీ ఎదురుపడాలంటే భూమి ఇంకొంచెం తిరగాలి. ఆ కొంచెమే నాలుగు నిమిషాలు. కాబట్టి నిన్న ఎనిమిదింటికి కొండ దాటిన చుక్క ఇవాళ ఏడూ యాభై ఆరుకే దాటుతుంది. నెలకు రెండు గంటలు ముందుకొస్తుంది.

దీన్ని చూడడానికి గొర్రుకొయ్యలను మించినవి లేవు. వరసగా, దగ్గర దగ్గరగా ఉండే ఆ మూడు చుక్కలూ దాదాపు ఖగోళ మధ్యరేఖ మీద ఉన్నాయి. అందుకే ప్రపంచంలో దాదాపు ఎక్కడైనా అవి ఇంచుమించు నేరుగా తూర్పున పుట్టి నేరుగా పడమర అస్తమిస్తాయి. నవంబరు నడుమ రాత్రి ఎనిమిదికి పుడతాయి. మీ తూర్పు కొండ పది డిగ్రీల ఎత్తుంటే మరో ముప్పావు గంట ఆలస్యంగా, అసలు తూర్పుకు మూడు డిగ్రీలు దక్షిణంగా పైకొస్తాయి. మన అక్షాంశంలో చుక్కలు నిట్టనిలువుగా ఎక్కవు, దక్షిణానికి ఒరిగి ఎక్కుతాయి కాబట్టి ఆ తేడా. ఏ చెట్టు పక్కనుంచి వచ్చాయో, ఎన్ని గంటలకు వచ్చాయో రాసిపెట్టుకోండి. డిసెంబరు నడుమ అదే చెట్టు పక్కనుంచి రెండు గంటలు ముందుగా వస్తాయి. స్థలం మారదు, టైమే మారుతుంది. జూన్ రెండో వారానికి వచ్చేసరికి అవి సూర్యుడితో పాటే పడమటి కొండ దిగిపోతాయి.

మబ్బుల సముద్రం చూడాలని తెల్లవారుజామున వంజంగి కొండెక్కేవాళ్లు నాలుగింటికే పైకి చేరి, ఫోను వెలుతురులో గంటన్నర కాలక్షేపం చేస్తారు. ఆ గంటన్నరా వాళ్ల తల మీద ఉన్నది రేపటి ఋతువు. నవంబరు మూడో వారంలో నాలుగు గంటలకు కనిపించే ఆకాశమే మార్చి మొదటి వారంలో రాత్రి తొమ్మిదికి కనిపిస్తుంది. గొర్రుకొయ్యలు పడమటికి వాలి ఉంటాయి, ఈశాన్యాన సప్తర్షులు లేచి ఉంటారు, అగస్త్యుడు దక్షిణం దాటి పోతుంటాడు. ఎండాకాలపు చుక్కలను చలికాలంలో చూడాలంటే కొంచెం నిద్ర మానుకుంటే చాలు. సూర్యుడు వచ్చేది ఆరు దాటాకే, ఈలోగా ఫోను జేబులో పెట్టుకోమని నా సలహా.

సూర్యుడి చుట్టూ భూమి తిరిగే ఈ రెండో కదలిక రైతులకు కార్తెల రూపంలో తెలుసు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. అరకులో పగిలే ఎండ ఉండదు గానీ కార్తె కార్తే. అయితే రోహిణి కార్తెలో రోహిణి నక్షత్రం ఎవరికీ కనిపించదు. అప్పుడు సూర్యుడు ఆ చుక్క ఉన్న వైపే ఉంటాడు, పగటి వెలుగులో అది మునిగిపోతుంది. ప్రతి కార్తెకూ ఇంతే, ఏ చుక్క పేరు పెట్టుకుందో దాని పక్కన సూర్యుడున్నాడని అర్థం. రోహిణిని రాత్రంతా చూడాలంటే ఆరు నెలలు ఆగాలి. డిసెంబరు మొదట్లో అది సాయంత్రం పుట్టి తెల్లవారేదాకా ఉంటుంది, నడిరేయి దాదాపు నడినెత్తికి వస్తుంది. పగటి సూర్యుడు ఏ చుక్క దగ్గరున్నాడో, రాత్రి కనిపించే చుక్కలను బట్టి లెక్కతేల్చిన పాతకాలపు వాళ్ల తెలివికి నాకు ఆశ్చర్యం తీరదు.

ఇరుసు ఇరవై మూడున్నర డిగ్రీలు ఒరిగి ఉండడం వల్ల సూర్యుడు పొడిచే చోటు కూడా మారుతుంది. అరకు తూర్పు కొండల మీద జూన్ సూర్యోదయానికీ డిసెంబరు సూర్యోదయానికీ మధ్య దూరం దాదాపు 50 డిగ్రీలు, అయిదు పిడికిళ్లు. నిండు పున్నమి చంద్రుడు దీనికి తలకిందులుగా నడుస్తాడు. కార్తీక పున్నమి నాడు చంద్రుడు ఇంచుమించు జూన్ సూర్యుడు పొడిచే వైపు నుంచే వస్తాడు, నడిరేయి నడినెత్తికెక్కుతాడు. జ్యేష్ఠ పున్నమి చంద్రుడు దక్షిణపు కొండల మీదుగా తక్కువ ఎత్తులో పోతాడు. చలికాలపు వెన్నెల ఎక్కువ తెల్లగా ఉంటుందని థింసా ఆడేవాళ్లు అంటే అందులో ఖగోళశాస్త్రం కూడా కొంత ఉంది.

ఇంతవరకూ చెప్పినవి ఒక రాత్రిలో, ఒక సంవత్సరంలో కంటికి దొరికేవి. మూడో కదలిక అలా దొరకదు. భూమి ఇరుసు చూపే దిక్కే మెల్లమెల్లగా మారుతూ, ఆకాశంలో పెద్ద వలయం గీస్తోంది. సూర్యచంద్రులు భూమి నడుముబొద్దును పట్టి లాగడం వల్ల ఇది జరుగుతోంది. ఒక వలయం పూర్తి కావడానికి దాదాపు 26,000 సంవత్సరాలు. అంటే మనిషి జీవితకాలం అనదగ్గ 72 ఏళ్లకు ఒక డిగ్రీ.

మన ధ్రువుడు ఎప్పుడూ ధ్రువుడు కాడు. ఈజిప్టులో పిరమిడ్లు కట్టే రోజుల్లో ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్నది వేరే చుక్క. పన్నెండు వేల ఏళ్లు పోతే అభిజిత్తు ఆ దరిదాపులకు వస్తుంది. మన గ్రంథాల్లోనే ఇంకో సాక్ష్యం ఉంది. కృత్తికలు తూర్పు దిక్కు తప్పవని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. ఇవాళ అరకులో చూడండి, పిల్లలకోడి అని మనం పిలిచే ఆ చుక్కల గుంపు తూర్పుకు పాతిక డిగ్రీలు ఉత్తరంగా పుడుతోంది. చెప్పినవాళ్లు పొరబడలేదు. నాలుగువేల ఏళ్లకు పైగా కిందట అవి నిజంగానే తూర్పున పుట్టేవి, ఈలోగా ఇరుసు ఒరిగిన దిక్కు మారింది.

ఈ నత్తనడక మన కార్తెలనూ, సంక్రాంతినీ కూడా తోసుకుపోతోంది. మన పంచాంగం సంవత్సరాన్ని చుక్కలతో కొలుస్తుంది. ఎండా వానా చలీ మాత్రం ఇరుసు వాలును బట్టి వస్తాయి. ఈ రెండింటి మధ్య సుమారు 71 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతోంది. వివేకానందుడు పుట్టింది మకర సంక్రాంతి నాడు, 1863లో. ఆ రోజు తేదీ జనవరి 12. ఇప్పుడు సంక్రాంతి జనవరి 14నో 15నో వస్తోంది. వెనక్కి లెక్కేసుకుంటూ పోతే, క్రీస్తుశకం 285 ప్రాంతంలో సంక్రాంతీ, సూర్యుడు ఉత్తరానికి మళ్లే రోజూ ఒక్కటే. కార్తెలూ అంతే. ఇప్పుడు జూన్ 8 ప్రాంతంలో వచ్చే మృగశిర, ఆర్యభటుడి కాలంలో మూడు వారాలు ముందే వచ్చేది. వానల రాక మారలేదనుకుంటే, ఇవాళ మనం మృగశిరతో ముడిపెట్టే తొలకరి అప్పట్లో ఆరుద్ర కార్తెలో పడి ఉండాలి. ఇంకో రెండువేల ఏళ్లకు మృగశిర జూలై మొదటి వారంలోకి జరుగుతుంది. అప్పటికి మన్యంలో చోడి నాట్లు పడుతూ ఉంటాయి.

దీన్ని సరిచేయాలా వద్దా అన్న చర్చ స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే జరిగింది. శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో సంఘం వేశారు. దాని సిఫారసు మీద 1957 మార్చి 22న జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. ఆకాశవాణిలో మీరు వినే శక సంవత్సర తేదీ దానిదే. అది ఋతువులతో నడుస్తుంది. పండుగలు మాత్రం చుక్కలతోనే మిగిలాయి. మిగలనివ్వండి, నష్టమేమీ లేదు. పేచీ అల్లా సంక్రాంతి రోజున సూర్యుడు ఉత్తరానికి తిరిగాడని ఇంకా చెప్పుకోవడంతోనే. తిరిగి మూడు వారాలైంది.

నమ్మకం కుదరని వాళ్లు డిసెంబరు 22 పొద్దున సూర్యుడు పొడిచే చోటును కొండంచు మీద గుర్తుపెట్టుకోండి, చెట్టో బండో ఏదో ఒకటి. సంక్రాంతి పొద్దున అదే చోట నిలబడి చూడండి. సూర్యుడు ఆ గుర్తుకు ఎడమగా, అంటే ఉత్తరంగా, తన వెడల్పుకు నాలుగింతలకు పైగా జరిగి ఉంటాడు. లోయ అడుగున పొగమంచు అడ్డు వస్తుంది. మాడగడ లాంటి ఎత్తైన చోటు చూసుకోండి, రెండుసార్లూ అడుగు అటూ ఇటూ కాకుండా ఒకే బండ మీద నిలబడండి.